మూతి మీద మాత్రం కొట్టొద్దు

పోయిన నెల పన్ను పీకించుకోవడానికి వెళ్తే, ఆ డాక్టరమ్మ నా పై పెదవిని వేలితో ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. నా మనవరాలి వయసుంటుందేమో. "ఈ కుట్లు ఎప్పటివమ్మా? యాక్సిడెంటా?" అని అడిగింది. చిన్నప్పుడు మెట్ల మీద పడ్డానని అందరికీ చెప్పినట్టే ఆమెకీ చెప్పాను. మా ఇంటికి అసలు మెట్లే లేవు.

ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎవరి పరువు కాపాడుతున్నాను నేను? కొట్టినవాడు పోయి చాలా కాలమైంది. చూసినవాళ్ళలో ఒకరిద్దరు మిగిలి ఉంటే ఎక్కువ. ఇంక దాచాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

మాది బ్యాండువాళ్ళ ఇల్లు. గౌలిపురలో బర్రెల కొట్టాల వెనక సందులో రెండు గదులు. పక్క కొట్టం నుంచి వచ్చే పేడ వాసన, పచ్చిపాల వాసన, ఇత్తడి తోమడానికి అమ్మ గిన్నెలో నానబెట్టిన చింతపండు వాసన, ఈ మూడూ కలిసి మా ఇంటి గాలి. తోమగా మిగిలిన చింతపండులో ఉప్పు కలుపుకుని నాకడం నాకూ అన్నకూ అలవాటు. దొరికితే దెబ్బలు. బాపు, అంటే మా నాన్న, పగలంతా కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఖలాసీ. సాయంత్రం సైకిలు దిగి, ఖాకీ చొక్కా విప్పి, భుజాల మీద జరీ కుచ్చులున్న ఎర్రకోటు తొడిగితే బ్యాండు మాస్టరు. ఆయన కింద పదిహేనుమంది.

బాపు చెయ్యి మహా దురుసు. తాళం తప్పినవాణ్ణి డోలు పుల్లతో మోకాలి చిప్ప మీద కొట్టేవాడు. అమ్మని చేతికి ఏది దొరికితే దానితో. అన్నని బెల్టుతో. ఒక్క బాపు అనే కాదు, ఆ రోజుల్లో బ్యాండువాళ్ళందరూ అంతే. ఇరుకు గల్లీలో రెండు బరాత్‌లు ఎదురుపడితే ఎవరు ముందు దారి ఇవ్వాలన్న దగ్గర మొదలై తలలు పగిలేదాకా వెళ్ళేది. పెళ్ళికొడుకు గుర్రం మీద బిక్కచచ్చి కూర్చుని ఉంటే, కింద జరీకోట్ల వాళ్ళు మట్టిలో దొర్లి కొట్టుకునేవాళ్ళు. మర్నాడు అమ్మ ఆ కోట్లని నానబెడితే నీళ్ళు ఎర్రబడేవి. సగం రంగు, సగం నెత్తురు.

ఎంత కొట్టుకున్నా వాళ్ళకో కట్టుబాటుంది. మూతి మీద కొట్టకూడదు. కాలు విరిగినా, చెయ్యి విరిగినా ఆర్నెల్లకి అతుక్కుంటుంది, మూతి పోతే ఊదేవాడు పోయినట్టే. అందుకని పగవాడి మూతినైనా వదిలేసేవాళ్ళు. నేను కళ్ళారా చూశాను. ఒక బరాత్ లొల్లిలో బాపు పిడికిలి ఎదుటివాడి ముఖం దాకా వెళ్ళి, వాడు బాకా ఊదేవాడని గుర్తొచ్చి, గాలిలో ఆగి, అక్కణ్ణించి కిందికి దిగి వాడి డొక్కలో పడింది. అంత కోపంలోనూ ఆయన గురి అంత బాగుండేది.

ఇంట్లోనూ అదే పద్ధతి. అన్న రేపు ఊదాల్సినవాడు గనక వాడికి దెబ్బలన్నీ వీపు మీద, పిక్కల మీద. నాకా రాయితీ లేదు. ఆడపిల్ల ఊదేది లేదు కదా. అందుకని నాకు చెంపలు. పదకొండేళ్ళు వచ్చేసరికి నా ఎడమ చెవిలో ఎప్పుడూ ఒక జోరీగ తిరుగుతూ ఉండేది.

ఆ ఏడాది నడి ఎండాకాలంలో మూఢం పడింది. మూఢమంటే ముహూర్తాలు లేని రోజులు, పెళ్ళిళ్ళు బంద్. పది రోజులు ఊదకుండా కూర్చుంటే పెదవులు మెత్తబడిపోతాయని, మూఢంలో మా వాళ్ళు రోజూ సాయంత్రం కొట్టాల అవతలి మైదానంలో ఊరికే వాయించేవాళ్ళు. టికెట్టు లేదు, పందిరి లేదు. మూఢం విడిచాక పెళ్ళిళ్ళు చేయాల్సినవాళ్ళు వచ్చి, విని, నచ్చిన బ్యాండుని మాట్లాడుకునిపోయేవాళ్ళు. మా సంవత్సరం ఎలా గడుస్తుందన్నది ఆ పదిహేను ఇరవై సాయంత్రాల్లో తేలిపోయేది.

భిస్తీ తోలుసంచితో నీళ్ళు చల్లితే కాలిన మట్టిలోంచి ఆవిరి లేచేది. మిర్చిబజ్జీల బండి, ఉడకబెట్టిన శనగ గుడాల గంప, తడిగుడ్డ కప్పిన ముంజలు. మసీదు గల్లీ చిచ్చాలు ఇంట్లోంచి కుర్చీలు తెచ్చుకుని ముందు వరసలో కూర్చునేవాళ్ళు. పాలు పితికే ఆడవాళ్ళు చేతులు కూడా కడుక్కోకుండా వచ్చి నిలబడేవాళ్ళు. మైదానంలో రెండు బ్యాండులు ఎదురెదురుగా నిలబడతాయి. ఒకళ్ళు వాయించిన వరసని రెండోవాళ్ళు అందుకుని, దానికి ఇంకాస్త కలిపి తిప్పి ఇవ్వాలి. అందుకోలేనివాళ్ళు ఓడినట్టు.

మా ఎదురు బ్యాండు మామది. మామ అంటే అమ్మ సొంత తమ్ముడు. బాకా పట్టుకోవడం దగ్గర్నించీ బాపే నేర్పాడు. బాపు కొట్టిన దెబ్బలకి ఓర్చుకుని ఓర్చుకుని, ఒకరోజు తిరగబడి, ఆరుగురిని వెంటబెట్టుకుపోయి మలక్‌పేటలో సొంత బోర్డు పెట్టుకున్నాడు. అప్పట్నించి అమ్మకి పుట్టింటి మాట ఎత్తే వీల్లేదు. "బామ్మర్ది" అన్నమాట బాపు నోట్లో తిట్టు కింద మారింది.

మూఢం మొదటి వారంలో నేనొక ఘనకార్యం చేశాను. మా సందు పిల్లల్ని నలుగుర్ని పోగేసి, పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని, సరిగ్గా మామ వాళ్ళ బాకాలవాళ్ళ ముందు నిలబడి చప్పరించాం. ఎదురుగా పులుపు తింటుంటే ఊదేవాడి నోట్లో నీళ్ళూరతాయి. నీళ్ళూరితే పెదవి జారుతుంది. వాళ్ళ బాకాలు ఒకదాని తర్వాత ఒకటి గురగురలాడాయి. జనం పగలబడి నవ్వారు. మామ కూడా బాకా దించి, "ఏయ్ పోరీ, మీ అయ్య నేర్పిండా ఈ ఇద్దె? నాకో ముక్క ఇయ్యి!" అని నవ్వాడు. నేను నవ్వాను. పగవాడితో పళ్ళికిలించినందుకు ఇంటికి పోయాక బాపు రెండు చెంపలూ వాయించాడు.

ఇక దొంగతనం సంగతి. ఆ వేసవి అంతా మధ్యాహ్నాలు నేను బాకా ఊదడం నేర్చుకున్నాను.

అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. వాడికి ఊదడమంటే వణుకు. ఒక స్వరం తప్పితే ఒక బెల్టు దెబ్బ, అదీ లెక్క. బాపు ఫ్యాక్టరీకి పోగానే సాధన చేయాలి. వాడు బాకా పట్టుకుని బర్రెల కొట్టంలోకి పోయేవాడు, వెనకాల నేను. ఒకరోజు వాడే అన్నాడు, "నువ్వు ఊదు. నేను కావలుంట. అమ్మకు చప్పుడు ఇనవడితె సాలు, ఎవరు ఊదితె ఏంది?" అని. అలా మొదలైంది. మొదటి వారం తల తిరిగింది. రెండో వారం పెదవి లోపల పుండు పడింది. కొట్టం యజమానురాలు పాల అవ్వ చూసీ చూడనట్టు వెన్నముద్ద తెచ్చి నా పెదవులకి రాసింది. "మెల్లగ ఊదు పొల్లా, నా బర్రెలు బెదురుతయి," అనేది. పది రోజులు పోయాక, "నిన్న నువ్వు ఊదలేదు, ఇది పాలు సేపలేదు. ఏం మందు వెట్టినవే దీనికి?" అని బర్రెని చూపించి ఆటపట్టించింది.

ఎందుకు ఊదాలనిపించిందంటే ఏం చెప్పను? సంగీతం మీద ప్రేమ అంటే బాగుంటుంది. నిజం ఏమిటంటే, బాకా మూతికి ఆనించి ఉన్నంతసేపూ నన్నెవరూ కొట్టలేదు. మూతి ముందు ఇత్తడి ఉంటే భయం వేసేది కాదు. ప్రేమ తర్వాత వచ్చింది. వచ్చాక మాత్రం నిద్రలో కూడా నా వేళ్ళు చాప మీద మీటలు నొక్కేవి.

మూఢం సగంలో ఉండగా ఒక సాయంత్రం మామ వాళ్ళు ఒక పొడుగు వరస వదిలారు. చివర్లో ఒకే స్వరం, ఊపిరి బిగబట్టి లాగి, పైకి తీసుకుపోయి వదలాలి. దాన్ని అందుకోవాల్సింది అన్న. నేను వాడి పక్కనే, కోటు మోసే నెపంతో నిలబడి ఉన్నాను. అన్న ఊపిరి తీసుకున్నాడు. అవతలి పక్క పిల్లలు నలుగురు ముందుకొచ్చి జేబుల్లోంచి మామిడికాయ ముక్కలు తీశారు. నా ఇద్దె నాకే తిరిగొచ్చింది. అన్న బాకా ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. వాడు బాపు వైపు చూశాడు. బాపు నడుముకున్న బెల్టు వైపు చూశాడు. నిక్కరు తడిసిపోయింది.

నేను ఆలోచించలేదు. బాకా లాక్కున్నాను, మామిడికాయ కనపడకుండా కళ్ళు మూసుకున్నాను, ఊదాను. ఆ స్వరాన్ని మామ ఎక్కడ వదిలాడో అక్కణ్ణించి పట్టుకుని, ఇంకో మెట్టు పైకి తీసుకుపోయి నిలబెట్టాను. ఎంతసేపో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి చిచ్చాలు కుర్చీల్లోంచి లేచి ఉన్నారు. "అరే వాహ్! లడ్కీ హై భాయ్, లడ్కీ!" అని ఒకాయన టోపీ తీసి గాల్లో ఊపాడు. మామ బాకా నేల మీద పెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బాపు డోలు వాళ్ళకి చెయ్యి ఊపాడు, వాయించమని.

ఇంటికి పోయాక తలుపు మూసి నన్ను కొట్టాడు. ముందు ఎప్పట్లాగే అరచెయ్యి చెంప మీదికి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ చెంప మీద పడలేదు. నన్ను భుజం పట్టి అటు తిప్పి, వీపు మీద కొట్టాడు. బెల్టుతో ఏడు దెబ్బలు. ఇవాళ చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, ఆ రాత్రి బోర్లా పడుకుని నేను సంతోషంతో ఏడ్చాను. బాపు నా మూతి కాపాడాడు. నేను ఊదేవాళ్ళ లెక్కలోకి వచ్చాను.

ఆ సంతోషం నాలుగు రోజులు. అయిదోరోజు క్లారినెట్టు ఊదే ముసలాయన, బ్యాండులో బాపు తర్వాత పెద్ద, మా గడపలో కూర్చుని చాయ్ తాగుతూ మెల్లగా మొదలుపెట్టాడు.

"మాస్టర్, తప్పుగ అనుకోకు. నిన్న ఇద్దరు పెండ్లోళ్ళు అడిగిన్రు. మీ బ్యాండ్ల పొల్ల ఊదుతదట గద అని. నవ్విన్రు."

"నవ్వనీ," అన్నాడు బాపు.

"నవ్వు సంగతి ఇడిసెయ్. ఆ బాకా నీ కొడుకు ఊదిండు, అంతకుముందు నీ బామ్మర్ది ఊదిండు, అంతకుముందు ఇంకెవడో. ఇంతమంది మగోళ్ళ ఎంగిలి ఆడపిల్ల మూతికి తగిలె. రేపు పెద్దమనిషైతది. ఎవడు చేసుకుంటడు? ఇంకో మాట, మనోళ్ళు ఇద్దరు మలక్‌పేటకు పోతమంటున్నరు. పొల్ల ఎనక నిలబడి వాయించుడు మాతోని కాదంటున్నరు."

బాపు చాయ్ గ్లాసు నేలకేసి కొడతాడనుకున్నాను. కొట్టలేదు. లోపలికొచ్చి, బాకాని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. సాయంత్రం అన్న ఊదే వేళకి తనే తీసిచ్చేవాడు. నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. "ముట్టినవంటె సంపుత," అని కూడా అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

మూఢం చివరి సాయంత్రం మైదానం కిక్కిరిసిపోయింది. అన్నే ఊదుతున్నాడు, ఎలాగో నెట్టుకొస్తున్నాడు. జనంలోంచి ఎవడో అరిచాడు. "పోరి ఏది మాస్టర్? పోరిని దించు!" ఇంకొకడు అందుకున్నాడు. కాసేపట్లో మైదానమంతా ఒకటే లొల్లి. "పోరీ! పోరీ!" బాపు మెడ నరాలు ఉబ్బాయి. నేను అమ్మ కొంగు వెనక నక్కాను.

అవతలి వైపు నుంచి మామ చెయ్యెత్తి జనాన్ని ఆపాడు. ఎగతాళికి కాదు, ఇవాళ్టికీ నేను ఒట్టేసి చెప్తాను, మనసులోంచే అన్నాడు. "బావా, నీకు బరువైతె నాకియ్యి. నా మేనకోడలు. నా బ్యాండ్ల ముందట నిలబెడ్త. ఎవడేమంటడో నేను చూస్త."

"నా బిడ్డను బజార్ల నిలబెడ్తవారా?" అంటూ బాపు చేతిలో డోలు పుల్ల విసిరాడు. అది మామ కనుబొమ్మ చీల్చుకుపోయింది. అంతే. రెండు బ్యాండులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తాషా డప్పులు పగిలాయి. కుర్చీలు లేచాయి. మామ మనిషి ఒకడు డోలు బెల్టు తీసి తిప్పుతుంటే దాని ఇనప కొక్కెం తగిలి మా క్లారినెట్టు ముసలాయన చెవి తెగి వేలాడింది. బజ్జీల బండి తిరగబడి కాగే నూనె మట్టిలో పడి చుయ్యిమంది, ఎవడి కాలో కాలి వాడు పంది అరుపు అరిచాడు. అన్న చేతి వేళ్ళని ఎవరో బూటుకాలితో తొక్కారు. బాపు మామని వెల్లకిలా పడేసి, గుండెల మీద కూర్చుని, గొంతు పట్టుకుని తల నేలకేసి కొడుతున్నాడు. మామ కళ్ళు తేలేస్తున్నాయి. అమ్మ బాపు జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతూ, "నా తమ్ముడయ్యా, నా తమ్ముడు సచ్చిపోతడు!" అని అరుస్తోంది. అమ్మని మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు, ఆమె ఎగిరి అవతల పడింది.

ఇంత జరుగుతున్నా ఒక్కడి మూతి మీద కూడా దెబ్బ పడలేదు. తలలు, వీపులు, డొక్కలు, కాళ్ళు. పిడికిళ్ళన్నీ ముఖాల్ని తప్పించుకుని తిరుగుతున్నాయి.

అన్న చేతిలోంచి జారిన బాకా నా కాళ్ళ దగ్గర మట్టిలో పడి ఉంది. మామ చచ్చిపోతాడని నాకు అర్థమైంది. అరిస్తే ఎవరూ వినరు. బాకా తీసి, మట్టి దులిపి, నాకున్న ఊపిరంతా పెట్టి ఊదాను. పాట కాదు. ఒక్కటే స్వరం. పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు అన్ని మాటలూ మునిగిపోయేలా ఊదుతారే, అదీ.

ఆగిపోయారు. ముందు దగ్గరివాళ్ళు, తర్వాత దూరంవాళ్ళు, లేచిన చేతులు లేచినట్టే. బాపు మామ గొంతు వదిలి తలెత్తాడు. పదిహేనేళ్ళుగా ఆయన డోలు పుల్లకి మోకాళ్ళు చూపించిన మగవాళ్ళందరూ పదకొండేళ్ళ పిల్ల ఊదితే నిలబడిపోయారు. నేను ఊదడం ఆపాను.

బాపు లేచి నా దగ్గరికొచ్చాడు. పరుగున కాదు, నడుచుకుంటూ. ఆయన ముఖంలో కోపం కూడా తగ్గింది. నా చేతిలోంచి బాకా తీసుకున్నాడు, నేనే ఇచ్చాను. శభాష్ అంటాడేమో అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని. ఆయన బాకాని తిప్పి పట్టుకుని, మౌత్‌పీసున్న కొసతో నా మూతి మీద పొడిచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిది తగలడం తగలడం పై పెదవి చీలింది. రెండోది పన్నుని లోపలికి తోసింది.

నేను కింద పడలేదు. నిలబడే ఉన్నాను, అందుకే చూశాను. అప్పటిదాకా ఒకరి నెత్తురు ఒకరు కళ్ళజూసుకున్న ఆ మనుషులు, మా వాళ్ళూ మామ వాళ్ళూ, బాకాలవాళ్ళూ క్లారినెట్టువాళ్ళూ, అందరూ ఒక్కసారిగా చేతులెత్తి తమ తమ మూతులు మూసుకున్నారు. చెవి తెగిన ముసలాయన చెవి వదిలేసి మూతి మూసుకున్నాడు.

మామ నెత్తుటి ముఖంతోనే నన్ను ఎత్తుకుని రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. దారంతా "బిడ్డా, బిడ్డా" అనడం తప్ప ఇంకో మాట లేదు. లోపల అయిదు, బయట నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు మూఢం విడిచింది. సందులో సన్నాయిలు మోగుతుంటే నేను చాప మీద పడుకుని, అమ్మ చెంచాతో పోసే అంబలి తాగాను. వేళ్ళు వాచి ఉన్నా అన్ననే బాపు పెళ్ళిళ్ళకి తీసుకుపోయాడు. వాడు తర్వాత ముప్ఫై ఏళ్ళు ఊదాడు, ఒక్కరోజు కూడా ఇష్టపడకుండా.

కోపంలో మనిషికి ఒళ్ళు తెలియదు, ఏదో చెయ్యిజారింది అని మా వాళ్ళు సర్దిచెప్పేవాళ్ళు. చాలా ఏళ్ళు నేనూ నమ్మాను. ఆయన చెయ్యి ఎన్నడూ జారలేదు. నన్ను అంతకుముందు కొట్టిన చెంపదెబ్బలన్నీ ఆడపిల్లననే లెక్కలేనితనంతో కొట్టినవి, వాటిని ఎప్పుడో మరిచిపోయాను. ఆ రెండు మాత్రం ఊదేదాన్నని తెలిసి కొట్టినవి.

కుట్లు విప్పిన సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తూనే బాపు నా చాప పక్కన కూర్చున్నాడు. చేతిలో మౌత్‌పీసు. దాన్ని చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, నా ముందుకు చాపాడు.

"ఊదు," అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది. నేను తీసుకుని పెదవులకి ఆనించాను. నాకు ఆశ పుట్టింది. నొప్పి బిగబట్టుకుని ఊదాను. కుట్లు పడ్డ వైపు నుంచి గాలంతా బుస్సున జారిపోయింది. మళ్ళీ ఊదాను. మళ్ళీ గాలే. మూడోసారి ఊదుతుంటే ఆయనే నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ పూట మీ బాపు కళ్ళల్లో నీళ్ళు తిరిగినయి బిడ్డా అని అమ్మ బతికినన్నాళ్ళూ చెప్పింది. నేను ఆయన కళ్ళు చూడలేదు. ఆయన ఊపిరి విన్నాను. ఊదేవాళ్ళకి ఊపిరిలో తేడాలు తెలుస్తాయి. బాపు ఆ సాయంత్రం వదిలింది, గండం గడిచిందనుకున్న మనిషి వదిలే ఊపిరి.